వేరు లేని తెల్లపూత

మొన్న మా పాత దవాఖానల కొత్తగా చేరిన పిల్లలు ఇద్దరు నన్ను చూడనీకి ఇంటికొచ్చిండ్రు. చాయ్ తాగుకుంట, "అమ్మా, మీ సర్వీసుల మంచి పేరు తెచ్చిన కేసు ఒకటి చెప్పుండ్రి" అన్నరు. పేరు తెచ్చిన కేసులు అందరూ చెప్తరు. నేను పరువు తీసిన కేసు చెప్పిన. నవ్వు ఆపుకోలేక ఒక పిల్లకు పొలమారి చాయ్ ముక్కులకు ఎక్కింది. తేరుకున్నంక, "ఇది రాసి పెట్టుండ్రమ్మా, మేం చెయ్యబోయే తప్పు మాకు ముందే తెలుస్తది" అన్నది. ఆ పిల్ల మాట కాదనలేక కూసున్న. నాకు తిన్నగా చెప్పుడు రాదు, నడుమ నడుమ పక్కకు పోత. జర ఓపిక పట్టాలె.

నేను మొదట నర్సును. పెద్ద దవాఖానల వార్డు డ్యూటీలు చేసి చేసి, నలభై దాటినంక చైనా వైద్యం నేర్చుకున్న. హైదరాబాద్‌ల ఒక సారు నేర్పిండు. నేర్చుకున్నంక ఎనుమాముల మార్కెట్‌కు పోయే తోవల ఉన్న ఒక చిన్న ధర్మ దవాఖానల చేరి, రిటైరయ్యేదాక అక్కడ్నే ఉన్న. రెండే రూములు. ముందు రూముల డాక్టరమ్మ, ఇంగ్లీషు వైద్యం. ఎనక రూముల నేను, నా సూదులు. వరండాల చీటీలు రాసే భాయి. తలుపు లేని నా రూముకు ఒక పల్చటి పరదా ఉండె. జనం నన్ను సూదులమ్మ అనెటోళ్లు. ఏడ్చే పిల్లలను చూపించి "సూదులమ్మ దగ్గర పండవెడ్త" అని తల్లులు బెదిరించెటోళ్లు కూడ.

ఆ దవాఖానకు ఒక కట్టుబాటు ఉండె. కాళ్లు వాచినోళ్లు, దమ్ము వచ్చి ఆయాసపడెటోళ్లు, రక్తం పోయెటోళ్లు ఎవరైనా ముందు డాక్టరమ్మ రూముకే పోవాలె. ఆమె చూసి, పరీక్షలు చేయించి, సరే అంటేనే నా దగ్గరికి రావాలె. మంచి కట్టుబాటే. దాన్ని తప్పింది నేనే. అదే ఈ కథ.

చైనా వైద్యం సంగతి రెండు ముక్కలల్ల చెప్త, లేకుంటే నా తప్పు మీకు సమజ్ కాదు. వాళ్ల లెక్కల ఒంట్ల నెత్తురు, ఒంట్ల నీళ్లు రెండూ మనం తిన్న అన్నంలకెళ్లే పుడ్తయ్. ఆ అన్నంల సారం తీసే పని ప్లీహానిది. వాళ్లు ప్లీహం అనేది స్కానింగ్‌ల కనవడే ముక్క కాదు, కొన్ని పనులను కట్టగట్టి పెట్టిన పేరు. సారం తీసి నెత్తురు తయారయ్యేటట్టు చేసుడు, నీళ్లను ఒక్క తాన నిలవకుంట ముందుకు తోలుడు, నెత్తురు దారి తప్పి బయటికి జారకుంట పట్టి ఉంచుడు, ఇవన్నీ దానివే. మా సారు క్లాసుల అనెటోడు, "మీ మార్కెట్ యార్డుల హమాలీలు పని బంద్ పెట్టిన్రు అనుకో. వచ్చిన బస్తాలు వచ్చిన తాన్నే పడుంటయ్, షాపులకు పోవాల్సిన సరుకు పోదు, కావలి లేక కొంత దొంగలపాలైతది. ప్లీహం అలిసిపోతే ఒంట్ల గంతే." నిలిచిన బస్తాలే వాపు. పోని సరుకే రక్తం తక్కువ. దొంగలపాలైందే అతిగా రక్తం పోవుడు.

ఇగ ఇవన్నీ కనిపెట్టనీకి మాకు నాలిక ఉన్నది. నాలిక మీద తెల్లటి దట్టమైన పూత ఉంటే నీళ్లు నిలిచినయని అర్థం. నాలిక కండ పాలిపోయి ఉంటే నెత్తురు తక్కువ. నాకు నాలికలంటే పిచ్చి. బస్సుల ఎవరన్న ఆవులిస్తే తొంగి చూసెదాన్ని. డాక్టరమ్మ నవ్వుకుంట నా రూమును "నాలికల దుకాణం" అనేది. ఆమె నవ్వుల కుళ్లు లేదు, ఇప్పుడు తెలుస్తాంది. అప్పుడు మాత్రం నాకు కారం పెట్టినట్టు ఉండేది. ఒక్కసారి, ఒక్క కేసుల, ఆమె కంటే ముందు నేను కనిపెట్టి చూపియ్యాలె అని లోపల లోపల ఒక పొగరు.

ఆషాఢంల వచ్చింది ఆమె. నలభై అయిదేండ్లు ఉంటయ్. యార్డు దగ్గర షెడ్డుల మిరపకాయల తొడిమెలు తీసే పని. పేరు చెప్పను, పాటలక్క అంట. ఎందుకంటే వాళ్ల వాడల బతుకమ్మ పాట ఎత్తుకునేది ఆమెనే. ఇరవై ఏండ్ల నుంచి ఆమె ఒక చరణం అంటే వాడ మొత్తం "ఉయ్యాలో" అని అందుకునుడే తప్ప ఇంకొకరు ఎత్తుకున్నది లేదు.

"ఏమైంది అక్కా?" అన్న.

"నీరు పట్టింది సూదులమ్మా. పొద్దుగాల చెప్పులు పడ్తయ్, పొద్దుగూకేటాలకు పట్టయ్. నాలుగు మెట్లెక్కితే దమ్మొస్తాంది. కాళ్లదేముంది, వాస్తే వాసినయ్. నా పాట పోతాంది. అదీ నా ఫికర్."

పోయినేడు బతుకమ్మ ఆఖరి రోజు, సద్దుల నాడు, ఆట నడుమల పాడుకుంట పాడుకుంటనే కండ్లు తిరిగి పడ్డదట. ఆడోళ్లు నీళ్లు చల్లి కూసోవెట్టేలోపల, వాడ పొలగాండ్లు డీజే డబ్బాలు తెచ్చి ఫోన్ల పాటలు పెట్టేసిన్రట. "ఈసారి ముందే బుక్ చేస్తం అక్కా, నువ్వు పైలంగ కూసో" అని కూడ అంటాన్నరట. ఆ మాట చెప్తుంటె ఆమె కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. "కూసోనీకా నేను పుట్టింది? నేను కూసున్న నాడు ఆ పాటలు గూడ నాతోనే కూసుంటయ్ సూదులమ్మా. కాయితం మీద రాసిలేవు అవి, నా నోట్లనే ఉన్నయ్. బతుకమ్మ మొదలయ్యే పెత్రమాస నాటికి నాకు పాడే ఊపిరి తెప్పియ్యి."

కాళ్లు నొక్కి చూసిన. వేలు గుంట పడ్డది. నాలిక చాపుమన్న. అయ్యో, ఏం చెప్పాలె! ముగ్గుపిండి చల్లినట్టు తెల్లటి పూత, చివర్ల దాక. పుస్తకంల బొమ్మ దిగొచ్చినట్టే ఉండె. నాకు ఎంత సంబురమైందంటే, ఆమెను డాక్టరమ్మ రూముకు పంపాలన్న సోయే లేకుంటవోయింది. అబద్ధమెందుకు, సోయి ఉండె. పంపలే.

చీటీల భాయి పరదా బయటి నుంచి "బెహన్, వాపు కేసు గదా, ముందు రూముకు రాయనా?" అని అడిగిండు గూడ. "వద్దు భాయ్, నేను చూస్త" అన్న.

ఇంకో మాట చెప్పాలె, సిగ్గైనా. నర్సుగ ఉన్నన్ని రోజులు, నెత్తురు ఎంత ఉన్నదో తెల్వనీకి కంటి కింది రెప్ప లాగి చూడకుంట ఎవర్నీ వదిలిపెట్టలే నేను. చైనా నాలిక దొరికినంక ఆ రెప్పను మర్శిపోయిన. అరచేతులు, గోర్లు చూడొచ్చు గదా అంటరు మీరు. ఆషాఢం గదా! ఆమె చేతులకు మోచేతి దాక గోరింటాకు. గోర్లు ఎర్రగ మెరుస్తున్నయ్. "చేతులు ఎంత మంచిగ పండినయ్ అక్కా" అని మెచ్చుకున్న. గట్లుండె నా పరీక్ష.

వారానికి రెండుసార్లు రమ్మన్న. మోకాలి కింద ఒక సూది, చీలమండకు మీద ఒక సూది, ప్లీహాన్ని లేపే జాగలు అవి. ఆ జాగలకు దగ్గరగ మాచిపత్రి వత్తి ముట్టించి వెచ్చదనం పట్టెదాన్ని. వినాయక చవితికి మనం దేవునికి పెట్టే మాచిపత్రే అది. చైనోళ్లు దాన్ని ఎండవెట్టి దూది లెక్క చేసి కాలుస్తరు. దాని పొగకు వరండాల ఉన్నోళ్లందరు లోపల పూజ అయితాందని చెప్పులు విడిచి కూసుండెటోళ్లు. భాయి మాత్రం రుమాలు ముక్కుకు కట్టుకొని చీటీలు రాసేటోడు.

మూడు వారాలల్ల వాపు జర తగ్గింది. నేను రిజిస్టర్ల ఎర్రపెన్నుతోని రాసి కింద గీత గూడ కొట్టిన. ఇప్పుడు ఆలోచిస్తే నవ్వొస్తది. పొద్దంత మిరపకుప్ప ముందట కాళ్లు వేలాడేసుకొని కూసునే మనిషిని నేను అర్ధగంట కాళ్లు ఎత్తుమీద పెట్టి పండవెడ్తున్న. పచ్చళ్లు, అప్పడాలు బంద్ చేయించిన. వాపు తగ్గక ఏం చేస్తది? కానీ దమ్ము తగ్గలే. నాలిక మీది పూత గూడ ఇంచు కదలలే. అయిదో వారం వచ్చింది. నెల మారి శ్రావణం పడ్డది. అక్క పెత్రమాసకు రోజులు లెక్కవెట్టుడు మొదలువెట్టింది. నాకు గుబులు మొదలైంది.

నాలిక ఫోటో తీసి సారుకు పంపిన. పది నిమిషాలల్ల ఫోనొచ్చింది.

"ఈ పూతకు వేరున్నదా?" అన్నడు సారు.

"ఉన్నది సార్. మస్తు గట్టిగ ఉన్నది."

"తడి దూదితోని తుడిచి చూసినవా?"

నేను ఫోన్ ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చిన.

"నోరు పుక్కిలియ్యమన్నవా? రాకముందు ఏం తిన్నదో అడిగినవా?"

"లేదు సార్."

"ఒంట్లకెళ్లి వచ్చిన పూత తుడిస్తే పోదమ్మా, దానికి వేరుంటది. తుడిస్తే పోయేది పైన అంటింది. దీని మీద ఒక పూర్తి క్లాసు చెప్పిన. ఆ రోజు నువ్వు చుట్టాల పెండ్లని రాలే." అంత పాత సంగతి ఆయనకెట్ల యాదికున్నదో!

ఆ శుక్రారం అక్క వచ్చింది. గిలాసల నీళ్లిచ్చి నోరు పుక్కిలించి రమ్మన్న. "ఇంట్లనే కడుక్కొచ్చిన సూదులమ్మా" అన్నది. ఒక్కసారి మల్ల అన్న. ఆమె మొకం మారింది. మెల్లగ నల్లా దగ్గరికి పోయి పుక్కిలించి ఊసింది. నేను ఎనకనే పోయి చూసిన. సున్నం కలిపినట్టు తెల్లటి నీళ్లు. తడి దూదితోని నాలిక తుడిస్తే పూత మొత్తం దూదికొచ్చింది. పూత కింద నాలిక నీళ్లల్ల నానినట్టు పాలిపోయి ఉన్నది. నెత్తురు చుక్క లేదు. పండ్ల సందుల తెల్లటి తునకలు ఇరికి ఉన్నయ్.

"ఇదేందక్కా, బలపమా?" అని నేను మొత్తుకున్న.

మొత్తుకునుడే నా పెద్ద తప్పు. పరదా అవతల పది మంది ఆడోళ్లు కూసున్నరు. ఒకామె కిసుక్కున నవ్వింది. ఇంకొకామె "బలపాలా? ఇస్కూలుకు పోతాందా ఏంది అక్క?" అన్నది. పాటలక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, చెప్పులేసుకొని ఎల్లిపోయింది. అడుగుల సప్పుడు గూడ వినరాలే.

నేను అక్కడ్నే నిలవడ్డ. చెప్పుకుంటే సిగ్గు, చెప్పకుంటే మనిషి పాణం మీదికొచ్చేటట్టున్నది. చివరికి ముందు రూముకు పోయి డాక్టరమ్మకు మొత్తం చెప్పిన. ఆమె కోపం చేస్తే బాగుండు. చెయ్యలే.

"బలపం, పచ్చిబియ్యం, మట్టి తినబుద్ధయ్యేటోళ్లకు రక్తం తక్కువ ఉంటదని నర్సింగ్‌ల ఎప్పుడు చెప్తరు మీకు?" అన్నది.

"మొదటేడే."

"ఒంట్ల రక్తం మరీ తక్కువైతే కాళ్లకు నీరొస్తది, గుండె మీద బరువు పడ్తది. ఆమె ఇప్పటిదాక నడుస్తాందంటే ఆమె గట్టి మనిషి. మీ నాలికలు, నా పరీక్షలు తర్వాత మాట్లాడుకుందం. రేపు ఆమెను తీసుకొస్తరా?"

బయట చీటీల భాయి దీర్ఘంగ ఊపిరి విడిచి, "మా తమ్ముని కిరాణంల ఆమె బలపాల డబ్బాలు కొంటది బెహన్. మనుమరాలికనుకున్నం" అన్నడు. మనుమరాలికి అప్పుడు ఏడు నెలలు.

"మరి నాకెందుకు చెప్పలే భాయ్?"

"నువ్వడగలే గదా. నాలిక చూస్తవు, మనిషిని అడగవు." నెమ్మదిగనే అన్నడు, కానీ నాకు తగిలింది.

తెల్లారి ఆమె రాలే. రాదని నాకు తెలుసు. నేనే తొడిమెల షెడ్డుకు పోయిన. ఆ షెడ్డుల అడుగువెట్టుడే, తుమ్ములు! ఒకటి, రెండు, ఇగ ఆగలే. ఎర్రటి కుప్పల నడుమ ముప్పై మంది ఆడోళ్లు మూతులకు గుడ్డలు కట్టుకొని కూసున్నరు. నేను వచ్చింది మాఫీ అడగనీకి. మూడు మాటలు అంటే రెండు తుమ్ములు. కండ్లల్లకెళ్లి నీళ్లు, ముక్కులకెళ్లి నీళ్లు.

"అక్కా, నేను..." హాచ్! "...మొత్తుకోవద్దుండె..." హాచ్!

ఆమె మొదట మొకం తిప్పుకున్నది. మూడో తుమ్ముకు ఆమె భుజాలు కదిలినయ్. అయిదో తుమ్ముకు పగలవడి నవ్వింది. లేచొచ్చి నా చెయ్యి పట్టుకొని బయటికి గుంజుకొచ్చి, బోరింగ్ దగ్గర మొకం కడిగించి, తన కొంగుతోనే తుడిచింది. నేను ఆమెకు చెయ్యాల్సిన సేవ ఆమె నాకు చేసింది.

"మోసపోయింది నేనక్కా. నిన్ను అడగకుంట నాలికను నమ్మిన. ముందే డాక్టరమ్మ దగ్గరికి పంపాలె, పంపలే. నా పొగరు అది" అన్న.

ఆమె బోరింగ్ చప్టా మీద కూసున్నది. తర్వాత తనంతట తనే చెప్పింది. "నాలుగేండ్లాయె. మిరప ఘాటుకు నోరంత మండుతుంటె ఒకనాడు బలపం ముక్క కొరికిన. చల్లగ అనిపిచ్చింది. కొత్త వానకు లేచే మట్టి వాసన లెక్క. ఇగ వదల్లే. రోజుకు ఎన్ని తింటనో నాకే తెల్వదు. రవికెల దాసుకుంట. మా ఇంటాయనకు తెల్వదు, కోడలికి తెల్వదు. ఇంత వయసొచ్చి బలపాలు తింటదని ఎవరికి చెప్పుకోవాలె?" ఆగి, ఇంకా మెల్లగ, "నెలనెలా మస్తు పోతాంది గూడ. ఏడాదయింది. నీ పరదా అవతల భాయి ఉంటడు గదా, ఎట్ల చెప్పాలె?" అన్నది.

అప్పుడు నాకు సారు హమాలీ పాఠం మొత్తం సమజ్ అయింది. నెత్తురు తయారైతలేదు, నీళ్లు కదుల్తలేవు, ఉన్న నెత్తురు జారిపోతాంది. మూడూ ఒక్కామెలనే ఉన్నయ్. నేను బస్తాలు నిలిచిన గేటు ఒక్కటే చూసి ఎర్రగీత కొట్టుకున్న.

"పెత్రమాసకు ఆరేడు వారాలే ఉన్నది. పాడ్తనా?" అని అడిగింది.

"నాకు తెల్వదక్కా. ఇప్పుడు తెలుసని చెప్తే అది రెండో మోసమైతది. డాక్టరమ్మ దగ్గరికి పోదాం రా." వచ్చింది. దారిపొడుగున నా చెయ్యి వదల్లే.

పరీక్ష కాయితం చూసి డాక్టరమ్మ అద్దాలు తీసి మల్ల పెట్టుకున్నది. ఆ రోజే పెద్ద దవాఖానకు పంపింది. అక్కడ స్కానింగ్ చేసి, రక్తం ఎక్కువ పోకుంట మందులిచ్చి, నరానికి ఐరన్ ఎక్కించి, గోళీలు రాసి పంపిన్రు. తిన్నంక వెంటనే చాయ్ తాగద్దన్నరు. నేను తోటకూర, కార్జం తినుమన్న. ఆ రెండూ చైనోళ్లు గూడ చెప్తరు, మన అమ్మలు గూడ చెప్తరు. చీటీల భాయి ఖర్జూరాల పొట్లం తెచ్చి, "బలపం యాదికొచ్చినప్పుడు ఇది నోట్లేసుకో అక్కా" అని ఆమె చేతుల పెట్టిండు. నా రూము పరదా పీకేసి తలుపు పెట్టించింది గూడ భాయే. దవాఖాన నడిపే ట్రస్టోళ్లకు ఏం చెప్పిండో ఏమో, వారంల వడ్రంగి పని అయిపోయింది.

ఇగ అక్క నా దగ్గరికి గూడ వస్తనన్నది. డాక్టరమ్మ, "సూదులతో నాకు పంచాయితీ లేదు. గోళీలు బంద్ కావద్దు, అంతే" అన్నది. మీరడుగుతరు, ఎవరి వైద్యంతోని తగ్గిందమ్మా అని. ఐరన్‌తోని తగ్గింది. రక్తం పోవుడు ఆగుడుతోని తగ్గింది. నా సూదులు ఆమెను అర్ధగంట పండవెట్టినయ్, మాచిపత్రి వెచ్చదనానికి ఆకలి పుట్టిందని ఆమె అంటది, అది నేను కాదనను. అంతకు మించి ఒక్క గింజ గూడ నా ఖాతాల వేసుకోను.

మూడు వారాలకు ఆమె మొకంల కళ తిరిగింది. బలపం వాసన వస్తే ఇదివరకటి లెక్క నోరూరుతలేదని తనే ఆశ్చర్యపోయింది. ఒకనాడు కాళ్లకు సూదులుంటనే మంచం మీద పండుకొని మెల్లగ రాగం తీసింది. తలుపు అవతల నుంచి ఎవరో "ఉయ్యాలో" అన్నరు. ఆమె గొంతు పెంచింది. ఇగ వరండ మొత్తం అందుకున్నది. మోకాళ్ల నొప్పులోళ్లు, జరాలోళ్లు, బాలింతలు, అందరూ! చప్పట్లు గూడ. ముందు రూములకెళ్లి డాక్టరమ్మ కేకేసింది, "ఓ సూదులమ్మా, నాకు బీపీ వినవడ్తలేదు!" కేకేసింది కానీ ఆపమనలే. ఆ రోజు నుంచి అక్క వచ్చే పొద్దుకే రావాలని కొందరు చూసుకొని వచ్చెటోళ్లు. పాడుకుంట పాడుకుంట ఒక్క ఊపిరికి ఎన్ని మాటలు వస్తున్నయో లెక్కవెట్టుకునేది ఆమె. మొదట మూడు చరణాలకు ఆగేది. తర్వాత ఏడు. తర్వాత లెక్క మర్శిపోయింది.

సద్దుల నాడు వాళ్ల వాడకు నేను పోయిన. బీపీ మిషన్ సంచిల పెట్టుకొని పోయిన, మనసు ఆగక. పొద్దు ఇంకా వాలలే. డాక్టరమ్మ పట్టుచీర కట్టుకొని వచ్చింది, ఆమెను ఆ చీరల చూసి నేను గుర్తువట్టలే. గునుగు, తంగేడు, బంతిపూల బతుకమ్మలు నడుమల పెట్టిన్రు. ఒక పక్కకు ట్రాలీ ఆటోల రెండు నల్లటి డీజే డబ్బాలు. ఆ పొలగాండ్లు మంచోళ్లే, "అక్క ఆగితేనే పెడ్తం" అన్నరు. డబ్బాల పక్కన ఒకడు ఫోన్ పట్టుకొని సిద్ధంగ నిలవడ్డడు.

అక్క ఎత్తుకున్నది. వాడ తిరుగుడు మొదలువెట్టింది. చెయ్యి చెయ్యి కలిసి చప్పట్లు ఒక్కటే పడుతున్నయ్. నేను ఆమె ఎనకనే తిరుగుకుంట ఆమె మెడ నరం చూస్తున్న, పెదవుల రంగు చూస్తున్న. నా కాలు రెండుసార్లు వరుస తప్పింది. పక్కనామె మోచేతితోని పొడిచి, "నువ్వు ఆడనీకి వచ్చినవా, పరీక్ష చెయ్యనీకి వచ్చినవా?" అన్నది. పోయినేడు ఏ పాట నడుమ పడ్డదో ఆ పాట వచ్చింది. దాటింది. నాకు తెల్వకుంటనే చేతులు జోడించిన.

ఇంకో రెండు పాటలైనంక ఆమె ఒక్కసారి ఆగింది. చప్పట్లు ఆగినయ్. డబ్బాల పక్కనున్న పొలగాడు ఫోన్ మీద వేలు పెట్టిండు. డాక్టరమ్మ నన్ను చూసింది, నేను సంచి జిప్పు తీసిన. అక్క ఆగింది ఆయాసానికి కాదు. ఆమె ఏదో ఆలోచన చేస్తాంది. వాడ ఆడోళ్లందరి మొకాలు ఒక్క చుట్టు చూసి, నా దగ్గర చూపు ఆపి, నవ్వి, ఇదివరకు ఎవ్వరూ వినని పాట ఎత్తుకున్నది:

"తెల్ల బలపం తింటినమ్మ ఉయ్యాలో
దాసి దాసి తింటినమ్మ ఉయ్యాలో
నాలికంత సున్నమాయె ఉయ్యాలో
సూదులమ్మ నమ్మెనమ్మ ఉయ్యాలో"

మొదటి "ఉయ్యాలో" సగం మందే అందుకున్నరు. రెండోదానికి ఇంకా తక్కువ. నాలుగోదానికి నవ్వు లేచింది చూడు, వాడ వాడంత నా దిక్కు మర్లింది! డాక్టరమ్మ పట్టుచీర నలిగేటట్టు వంగి నవ్వింది. నేను మొకం దాసుకుందామంటే కొంగు దొరకలే. కానీ నవ్వుల నడుమ కొందరు నవ్వలే. తలకాయలు వంచుకొని తిరుగుతున్నరు. అక్క వాళ్లను గూడ చూసింది. గొంతు తగ్గించి, బుజ్జగిస్తున్నట్టు పాడింది:

"సిగ్గుపడితే నెత్తురొస్తదా ఉయ్యాలో
నేను పడ్డ కష్టమొద్దు ఉయ్యాలో
నోరు పుక్కిలించి పోవె ఉయ్యాలో
నాలికంత చూపియ్యవె ఉయ్యాలో"

నవ్వులు ఆగినయ్. ఈసారి "ఉయ్యాలో" అన్ని నోర్లల్లకెళ్లి వచ్చింది. ఇంత మంది నడుమ, ఇంటాయన గోడ పక్కన నిలవడి వింటుంటె, కోడలు పక్కన్నే చప్పట్లు కొడ్తుంటె, నాలుగేండ్లు రవికెల దాసుకున్న సంగతిని ఆమె పాట చేసి అందరికీ ఇచ్చేసింది. నేను ఏడ్చిన. సంబురానికే ఏడ్చిన. బతుకమ్మలను సాగనంపి, రొట్టె బెల్లం కలిపిన మలీద ముద్దలు పంచేదాక ఆమె గొంతు నిలిచే ఉన్నది. ఆ డీజే పొలగాడు గూడ రెండు ముద్దలు తిని, డబ్బాలు విప్పకుంటనే ఆటో తోలుకొని పోయిండు.

దసరా సెలవలైనంక దవాఖాన తెరిచిన్రు. నేను రూముల సూదులు సర్దుకుంటున్న. చీటీల భాయి తలుపు కొట్టి, "బెహన్, జర బయటికొచ్చి చూడు" అన్నడు.

నల్లా దగ్గర ఆడోళ్లు లైను కట్టిన్రు. ఎనిమిది మంది. ఒకరి తర్వాత ఒకరు గిలాస అందుకొని, పుక్కిలించి ఊసి, మూతి తుడుచుకొని నా రూము ముందట బల్ల మీద కూసుంటున్నరు. నల్లా కింద నుంచి బయటి దాక మోరీ తెల్లగ పారుతాంది.

నేను ఒక్కొక్కరి మొకం చూసిన. ఎనిమిది మందిల అయిదుగురు నా పాత పేషెంట్లే. రెండేండ్ల నుంచి నేను వాళ్ల నాలికలు చూసి "నీరు నిలిచింది" అని రిజిస్టర్ల రాస్తున్న. నాకు నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వలే. మొదటామె బల్ల మీదికెళ్లి లేచి, నేను అడగకముందే నోరు తెరిచింది.

"నాలిక తర్వాత చూస్త చెల్లె," అన్న, "ముందు కూసో. నీ సంగతి చెప్పు."